బయటింటి అల్లుడు

ఆ ఓడలో అందరికంటే భద్రమైన ఉద్యోగం ఏదని మన అల్లుడిని అడిగితే, తడుముకోకుండా బయటాయన ఉద్యోగం అని చెప్పేవాడు. నక్షత్రాల మధ్య తరతరాలుగా సాగిపోతున్న ఓడ అది. దాని బయటి వైపు ఏదైనా చెడితే, తలుపు తీసుకుని శూన్యంలోకి వెళ్ళి బాగుచేసి రావలసిన మనిషిని బయటాయన అంటారు. వింటే ఒళ్ళు జలదరించే పనే. కాకపోతే మూడు తరాలుగా బయట ఏదీ చెడలేదు. చెడకపోయినా వాటా ఆగలేదు, మర్యాద అసలే ఆగలేదు.

మర్యాదంటే మామూలు మర్యాద కాదు. బయటాయనకి రొట్టె రెండు వాటాలు. సూపు పైపైన కాకుండా గిన్నె అడుగు నుంచి తోడి పోస్తారు. ఏ హాల్లో మీటింగు జరిగినా ముందు వరసలో కుర్చీ. కొత్త గది తెరిచినా, కొత్త యంత్రం తిప్పినా ఆయన వచ్చి రెండు ముక్కలు మాట్లాడాలి. ‘బయటి చీకటిని చూసిన వంశం మాది’ అని మొదలుపెడితే చాలు, తర్వాత ఏం చెప్పినా జనం చప్పట్లు కొట్టేవారు. ఆ వంశంలో ఒక తాత ఎప్పుడో బయటికి వెళ్ళి, ఇరుక్కుపోయిన వేడి రెక్కని విడిపించి ఓడని కాపాడాడట. ఆ తాత పడిన ఒక్క పూట కష్టాన్ని మూడు తరాలు కాలు మీద కాలేసుకుని తిన్నాయి.

ఆ తాతకి మనవడు మన అల్లుడి మామగారు. ఆయనకి మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. ఇల్లరికం వచ్చే అల్లుడు బయటాయన కావాలని కబురు పెడితే, ఓడలో పెళ్ళీడు కుర్రాళ్ళందరూ నేల చూపులు చూశారు. సూపు వంటశాలలో గరిటె తిప్పుకునే మనవాడు ఒక్కడే లెక్క వేసుకున్నాడు. మూడు తరాల్లో రాని ముప్పు నా తరంలోనే ఎందుకొస్తుంది, వచ్చినా నా తర్వాత వాడికి వస్తుంది అనుకున్నాడు. పిల్ల మీద ఇష్టం లేక కాదు. ఆమె బట్టల హాలు చూసుకునే మనిషి, నోరు కాస్త పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. పిల్ల, రెండు రొట్టెలు, ముందు వరసలో కుర్చీ ఒకేసారి దొరుకుతుంటే కాదనడానికి అతనికి బుద్ధి లేకపోవాలి కదా. వెళ్ళాడు. కూర్చుని తిన్నాడు. పొట్ట పెరిగింది. మామగారు పదవి అప్పగించి విశ్రాంతి తీసుకున్నారు. అంతా సుఖంగానే ఉంది.

ఇంతలో ఓడ వేడెక్కింది.

ఓడకి రెండు వైపులా రెండు వేడి రెక్కలు ఉంటాయి. లోపలి వేడిని బయటికి పోగొట్టేవి అవే. అప్పుడప్పుడు ముడుచుకుని, దుమ్ము దులుపుకుని, మళ్ళీ విచ్చుకుంటాయి. ఈసారి ఒక రెక్క ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోయింది. గోడలకి చెమటలు పట్టాయి. కొవ్వొత్తులు నిలబడలేక వంగిపోయాయి. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడానికి ఓపిక లేక మూలుగుతున్నారు. అల్లుడు మాత్రం తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ఇంజనీర్లు ఏదో ఒకటి చేస్తారులే అని భోంచేస్తున్నాడు. ఆ సమయంలోనే ఇంజనీరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక వీధి వీధంతా ఉంది.

"బయటాయన గారూ, రెక్క ఇరుక్కుంది. లోపలి నుంచి చెయ్యాల్సినవన్నీ చేశాం. ఇక మీరే వెళ్ళాలి."

అల్లుడి చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "ఎక్కడికి?" అన్నాడు.

"బయటికండీ."

"బయటికి అంటే... బయటికేనా?"

"మరింకెక్కడికండీ? బయట సంగతులు మీ ఇంటివి. వాటి జోలికి మేం ఏనాడూ పోలేదు. బయట ఏముందో మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ఎల్లుండి దాకా ఇలాగే ఉంటే పిల్లలు తట్టుకోలేరు."

పై ప్రాణాలు పైనే పోయాయంటారే, అలా అయింది అల్లుడికి. తప్పించుకునే దారి కోసం మామగారి వైపు చూశాడు. మామగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, పెద్దాయనకి వేడి పడటం లేదు కాబోలు అనుకున్నాడు. వీధిలోని జనం అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే నేను రాను అని చెప్పడం ఎలాగో అతనికి తెలియలేదు. గొంతులో అడ్డుపడిన రొట్టె ముక్కని కష్టపడి మింగి, తల ఊపాడు. అది వణుకో ఒప్పుకోలో అతనికే తెలియదు.

బయటి తొడుగు ముందుగదిలో అద్దాల బీరువాలో ఉంటుంది. తల నుంచి పాదాల దాకా ఒకటే తొడుగు, దాని మీద హెల్మెట్. ఆ తొడుగంటే ఆ ఇంట్లో వల్లమాలిన గౌరవం. బయటికి వెళ్ళొచ్చిన తాత భార్య మురిసిపోయి దాని గుండెల మీద ఒక పువ్వు కుట్టింది. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ ఒక పువ్వు, ఒక ఆకు, ఒక నెమలి కుట్టుకుంటూ పోయింది. మన అల్లుడి భార్య పెళ్ళినాడు కుడి భుజం మీద పచ్చ చిలకని కుట్టింది. చూసినవాళ్ళందరూ ఎంత పనితనమో అని బుగ్గలు నొక్కుకునేవారు. ఇప్పుడది బయటికి వెళ్ళే తొడుగులా లేదు, పెళ్ళివారింటి దుప్పటిలా ఉంది.

"తొడుక్కునే ముందు ఒకసారి ఉతకనివ్వండి. ఇన్నేళ్ళ దుమ్ము" అంది భార్య.

"ప్రాణం పోతుంటే దుమ్మేమిటే?"

"నాకు కంగారొస్తే ఏదో ఒకటి ఉతుకుతాను. మీకు తెలీదా?"

తెలుసు. అందుకే ఊరుకున్నాడు. బట్టల హాల్లో పెద్ద తొట్టి ఉంది. లోపల తడవకూడదని ఆమె తొడుగులో గాలి నింపి, మూతులన్నీ బిగించి, నీళ్ళలోకి నొక్కింది. అంతే, తొట్టి మరిగినట్టయింది. ప్రతి పువ్వు రేకులోంచీ, ప్రతి ఆకు అంచులోంచీ సన్నటి బుడగలు వరసగా లేచాయి. నెమలి పింఛం పొడుగునా బుడగలే. పచ్చ చిలక కంట్లోంచి కూడా బుడగలే. గాలి చొరబడకూడని బట్టని మూడు తరాల ఆడవాళ్ళు ముచ్చటపడి సూదులతో పొడిచి పెట్టారు.

భార్య తొట్టి గట్టు మీద కూలబడిపోయింది. "దీన్ని ఉతక్కుండా మీకు తొడిగుంటే?" అంది.  బయటికి వెళ్ళిన క్షణంలో తొడుగులోని గాలంతా చిలక కంట్లోంచి బుస్సుమని పోవడం అతని కళ్ళకి కట్టినట్టు కనబడింది. అతను కూడా వెళ్ళి ఆమె పక్కనే కూలబడ్డాడు.

చెప్పుల మేస్త్రిని పిలిపించారు. ఆయన జిగురు డబ్బా, రబ్బరు ముక్కలు పట్టుకొచ్చి, తొడుగుని లోపలి వైపుకి తిప్పి, పువ్వు తర్వాత పువ్వుకి అతుకులు వేసుకుంటూ పోయాడు. "నేను అతుకేసిన చెప్పు ఇంతవరకు తిరిగి నా దగ్గరికి రాలేదండీ" అన్నాడు గొప్పగా. చెప్పు రాకపోతే పోయింది, తొడుక్కున్నవాడు తిరిగొస్తే చాలు అనుకున్నాడు అల్లుడు. మళ్ళీ తొట్టిలో ముంచితే బుడగలు రాలేదు. కానీ ఆ అతుకులు ఎంతసేపు పట్టుకుంటాయో చెప్పగలిగినవాడు ఆ గదిలో లేడు, మేస్త్రితో సహా.

తర్వాత దారి చెప్పే తంతు. బయట ఎలా నడవాలో ఆ వంశంలో తండ్రి కొడుక్కి తలుపులేసుకుని చెబుతాడు, మూడోవాడు వినకూడదు. మామగారు తలుపు గడియ పెట్టి అల్లుడి ఎదురుగా కూర్చున్నారు. ఎప్పుడూ మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడే ఆయన ఆ వేళ తన మోకాళ్ళనే చూసుకుంటూ చెప్పారు.

"తలుపు నేలలో ఉంటుంది. దిగగానే పైన వరసగా ఐదు పిడులు. నీ నడుముకి రెండు కొక్కేలుంటాయి. ఒకటి తగిలించాకే రెండోది విప్పాలి. ఐదో పిడి దగ్గర ఓడ వంపు తిరుగుతుంది. అక్కడ మాత్రం రెండూ విప్పెయ్యాలి. ఎడమ చెయ్యి బారచాపితే నిచ్చెన దొరుకుతుంది. నిచ్చెన చివర రెక్క."

"రెండూ విప్పెయ్యాలా మామయ్యా?"

"తాత అలాగే చెప్పాడట."

"రెండూ విప్పితే నన్ను పట్టుకునేదేముంటుంది?"

మామగారు ఏదో అనబోయారు.  చివరికి, "జాగ్రత్త అల్లుడూ" అని మాత్రం అని లేచారు. ఆ మాట అనడానికి ఆయన అంతసేపు ఎందుకు తీసుకున్నారో అల్లుడు ఆలోచించలేదు. తన గుండె చప్పుడే చెవులు దిమ్మెత్తేలా వినబడుతుంటే ఇంకొకరి మొహం చదివే తీరిక ఎవరికుంటుంది?

తొడుగులోకి అతన్ని ఎక్కించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. రెండు వాటాల రొట్టె అంతా నడుము దగ్గరే ఆగిపోయింది. ఊపిరి బిగబట్టమని, పొట్ట లోపలికి లాగమని, ఒకరు ముందు నుంచి, ఒకరు వెనక నుంచి నెట్టి ఎలాగో బిగించారు. భార్య హెల్మెట్ పట్టుకుని నిలబడింది.

"నాకు చాలా భయంగా ఉందండీ" అంది.

"నాకు లేదనుకున్నావా? కాళ్ళు చూడు."

ఆమె అతని కాళ్ళ వైపు చూసింది. తొడుగులో కూడా వణుకు తెలుస్తోంది. ఆమె ఇంకేం మాట్లాడకుండా హెల్మెట్ తొడిగి, దాని అద్దాన్ని చీర కొంగుతో తుడిచింది. తుడవడం అయిపోయాక కూడా చాలాసేపు తుడుస్తూనే ఉంది.

ఓడ గిరగిరా తిరుగుతూ ఉండబట్టే లోపలివాళ్ళ కాళ్ళు నేల మీద నిలబడతాయి. బయట ఉన్నవాణ్ణి అదే తిరుగుడు ఓడ నుంచి దూరంగా విసిరేయాలని చూస్తుంది. అందుకని ఇంజనీరమ్మ ఆ వేగాన్ని బాగా తగ్గించింది. ఓడలో మనుషుల బరువు సగానికి సగం తగ్గిపోయి, వీధుల్లో ముసలివాళ్ళు కూడా గెంతుతూ నడుస్తున్నారు. గిన్నెలోంచి సూపు పోస్తే తాపీగా, ఆలోచించుకుంటూ పడుతోంది. మైకు గదిలో ఇంజనీరమ్మ, భార్య, దారి చెప్పడానికి మామగారు కూర్చున్నారు. ఇక మైకాయన. స్నానాల నీళ్ళు ఆగిపోతాయి, తప్పిపోయిన కుండ దొరికింది లాంటివి తప్ప జీవితంలో ఇంకేమీ ప్రకటించే భాగ్యం లేని మనిషి. ఈ అవకాశాన్ని వదులుకుంటాడా? ఎవరినీ అడక్కుండా ఆ గదిలోని మాటలనీ, హెల్మెట్‌లోంచి వచ్చే మాటలనీ ఓడలోని స్పీకర్లన్నిటికీ తగిలించేశాడు.

నేలలోని తలుపు తెరుచుకుంది. అల్లుడు కిందికి చూశాడు. చూడకుండా ఉండవలసింది.

అక్కడ ఏమీ లేదు. చీకటి అన్నా సరిపోదు. చీకటికి ఎక్కడో ఒక గోడ ఉంటుంది, చెయ్యి చాపితే తగులుతుంది. ఇది తగలదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాలుగు గోడల మధ్య, తల మీద కప్పుతో బతికిన మనిషికి ఇంత ఖాళీని ఏం చేసుకోవాలో తెలియలేదు.  "అమ్మా, అమ్మా, అమ్మా" అంటూ మొదటి పిడిని పట్టుకుని దిగాడు. ఓడలోని ప్రతి హాల్లోనూ స్పీకర్లు అమ్మా, అమ్మా, అమ్మా అన్నాయి. వంటశాలలో అతని పాత జతగాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఓడ పొట్ట నెత్తి మీద ఉంది. కాళ్ళు గాలిలో, ఆ గాలి కూడా లేని దాంట్లో, వేలాడుతున్నాయి. ఒక కొక్కెం తగిలించాడు. రెండోది విప్పాడు. ముందుకి జరిగాడు. మళ్ళీ అదే పని. చెమట కళ్ళలోకి కారి మండుతోంది, తుడుచుకోవడానికి లేదు. ప్రతి పిడి దగ్గరా ఇక నా వల్ల కాదు అనుకున్నాడు, కాకపోయినా చెయ్యి తర్వాతి పిడి మీద పడింది. మామగారు చెప్పినట్టే ఐదు పిడులు ఉన్నాయి. అక్కడ ఓడ వంపు తిరిగి, అవతల ఏముందో కనబడకుండా పోయింది.

"ఐదోదానికొచ్చాను మామయ్యా."

మైకులోంచి మామగారి గొంతు కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఇప్పుడు... ఇప్పుడు కొక్కేలు రెండూ విప్పి..."

అల్లుడు ఒక కొక్కెం విప్పాడు. చేతులు తిమ్మిరెక్కాయి. రెండోదాని మీద వేళ్ళు పెట్టి, ఎడమ వైపు నిచ్చెన కోసం చూశాడు. వంపు అడ్డం, కనబడలేదు. చూడకుండానే వదలాలి కాబోలు. తాత వదిలాడు కదా. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒకటి విప్పాను. రెండోది విప్పుతున్నాను."

"ఆగు!"

ఆ కేకకి హెల్మెట్ గింగురుమంది. ఓడంతా గింగురుమంది.

"ఆగు నాయనా! విప్పకు! అక్కడ నిచ్చెన లేదు!"

"లేదా? ఎవరు చెప్పారు లేదని?"

"ఉందని ఎవరూ చూళ్ళేదు. మా తాత బయటికి వెళ్ళలేదు." మామగారికి ఊపిరి అందడం లేదు. "తలుపు తీశాడు, కిందికి చూశాడు, మళ్ళీ మూసేసుకుని అక్కడే నేల మీద ముడుచుకుని పడుకున్నాడు. ఎప్పుడో రెక్క దానంతటదే విచ్చుకుంది. లోపలి తలుపు తీసి చూస్తే ఎదురుగా జనం చప్పట్లు. ఏం చెప్పాలి? తలుపు అద్దంలోంచి కనబడేవి ఐదు పిడులే. తర్వాతదంతా కల్పించి చెప్పాడు. మా నాన్నకి తెలుసు. నాకు తెలుసు."

ఓడలో ఎక్కడా చప్పుడు లేదు. రెండు వాటాల రొట్టె, ముందు వరస కుర్చీ, ‘బయటి చీకటిని చూసిన వంశం మాది’ అన్న మాట, అన్నీ ఆ నిశ్శబ్దంలో కూలిపోవడం మైకు గదిలో ఉన్నవాళ్ళకి తెలుస్తూనే ఉంది. మైకాయన చెయ్యి మీట మీదికి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

అల్లుడికి మొదట కోపం వచ్చింది. ఇంతకంటే పెద్ద కోపం అతనికి జీవితంలో రాలేదు. "తెలిసి పంపించారా మామయ్యా? తెలిసి?"

"తెలిసే పంపించాను. అక్కడ నిజంగానే నిచ్చెన ఉండొచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. నీ చెయ్యి కొక్కెం మీదికెళ్ళిందాకా చెప్పుకుంటూనే ఉన్నాను. తిరిగొచ్చెయ్ నాయనా. ఆ తొడుగు నాకివ్వు. నేను పోతాను."

"వచ్చెయ్యండి" అని ఏడుస్తూ అంది భార్య. "ఉడికితే అందరం కలిసే ఉడుకుదాం. మీరు ముందు లోపలికి రండి."

కోపం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా దిగిపోయి, భయం మళ్ళీ తన చోటు తాను తీసుకుంది. విప్పిన కొక్కేన్ని మళ్ళీ పిడికి తగిలించి, రెండు చేతులా ఆ పిడిని కావలించుకున్నాడు. తిరిగి వెళ్ళాలన్నా ఒక చెయ్యి వదలాలి. ముందుకి వెళ్ళాలన్నా వదలాలి. ఏ వైపూ వెళ్ళకుండా అక్కడే వేలాడితే బాగుంటుందనిపించింది. కానీ తను వెనక్కి వెళితే ఆ ముసలాయన అన్నంత పనీ చేస్తాడు. మొండి మనిషి, సిగ్గుతో చచ్చిపోతున్న మనిషి. మొదటి పిడి దగ్గరే ఆయన చేతులు జారిపోతాయి. ఆయన గొంతు ఇదే మైకులో దూరమైపోతూ వినబడడం అల్లుడు ఊహించుకున్నాడు. ఆ ఊహ కింద ఉన్న ఖాళీ కంటే ఎక్కువగా భయపెట్టింది.

కళ్ళు తెరిచాడు. ఎడమ వైపు చూడమని మూడు తరాలు చెప్పాయి కాబట్టి ఇంతసేపూ ఎడమ వైపే చూశాడు. ఇప్పుడు హెల్మెట్ దీపాన్ని కుడి వైపు తిప్పాడు. వంపుకి ఇవతలే, చెయ్యి చాపేంత దూరంలో, ఓడ పొట్టకి అంటుకుని ఒక ఇనప కడ్డీ పోతోంది. కొక్కెం పట్టడానికే చేసినట్టుంది.

"కుడి వైపు కడ్డీ ఉంది" అన్నాడు.

"బరువు ఆపే కడ్డీయేనా?" అంది ఇంజనీరమ్మ.

"నాకేం తెలుసు మేడమ్? నేను సూపు కలుపుకునేవాణ్ణి. కడ్డీ ఉంది, అంతే. ఒక కొక్కెం దానికి తగిలిస్తున్నాను. రెండోది విప్పను. ఎవరు చెప్పినా విప్పను."

తగిలించాడు. బలంగా లాగి చూశాడు. అది ఊడి రాలేదు. అప్పుడు గానీ రెండోది విప్పలేదు. కడ్డీ పట్టుకుని, ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, బూతులు కూడా తిట్టుకుంటూ జరిగాడు. వంశ మర్యాద ఎలాగూ పోయింది కాబట్టి నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. పిల్లల చెవులు మూయమని తల్లులకి ఎవరో సైగ చేశారు.

కడ్డీ చివర రెక్క మూలం కనబడింది. దాని మీద మనిషంత గడ్డ ఒకటి తెల్లగా కూర్చుని ఉంది. అల్లుడు హడలిపోయాడు. ప్రాణమున్నదేమో అనుకున్నాడు. కదలకపోయేసరికి నడుముకి వేలాడుతున్న సుత్తి తీసి దానితో భయం భయంగా ముట్టుకున్నాడు. పెచ్చు ఊడింది. లోపల నీలం దారాలు, ఎర్ర దారాలు, పీచు, నురగ గడ్డకట్టి ఉన్నాయి.

"ఏమోయ్, మీ బట్టల హాలు మురికి నీటి ఆవిరి ఎక్కడికి పోతుంది?"

"బయటికి" అంది భార్య. ఒక్క క్షణం ఆగి, "అయ్యో, మాదేనా?" అంది.

మూడు తరాల సబ్బు నురగ అది. ఓడలో జనం ఉతుక్కున్న చొక్కాల పీచు, దుప్పట్ల నలక, అన్నీ కొంచెం కొంచెంగా వచ్చి రెక్క కీలు మీద మంచులా పేరుకున్నాయి. అల్లుడు సుత్తి ఎత్తి కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ తన దెబ్బకి తనే ఊగిపోతున్నాడు. అలా ఊగినప్పుడల్లా ప్రాణం గొంతులోకి వచ్చి పోతోంది. చివరికి గడ్డ నిలువునా పగిలి, ముక్కలు చీకట్లోకి జారిపోయాయి. అవి ఎక్కడా పడిన చప్పుడు రాలేదు. రెక్క ఒకసారి గజగజలాడి మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టింది. లోపల ఓడంతా అరుపులు, ఈలలు, గెంతులు. తగ్గిన బరువుకి కొందరు గెంతి కప్పుకి తల కొట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే అల్లుడి చెవిలో సన్నగా బుస్సుమన్న చప్పుడు వినబడింది. ఏదో పువ్వు అతుకు ఊడింది. ఏ పువ్వో తెలియదు. మెడ వెనక చల్లగా తగిలింది. వెళ్ళేటప్పుడు ప్రతి పిడి దగ్గరా ఆగి ఆగి వెళ్ళినవాడు వచ్చేటప్పుడు ఎలా వచ్చాడో అతనికి ఈనాటికీ గుర్తులేదు. తగిలించు, విప్పు, తగిలించు, విప్పు అని తనకి తనే గట్టిగా చెప్పుకుంటూ వచ్చాడట, స్పీకర్లలో విన్నవాళ్ళు చెప్పారు. తలుపులోంచి లోపలికి లాగేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి. భార్య హెల్మెట్ ఊడదీసి, రెండు చెంపలూ పట్టుకుని, బతికే ఉన్నాడో లేదో చూసి, తర్వాత ఆ చెంపల మీదే చిన్నగా రెండు దెబ్బలేసి ఏడ్చింది.

జనం చుట్టుముట్టారు. ఇంజనీరమ్మ అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఊపుతూనే, గొంతు తగ్గించి, "అటువైపు రెక్క కూడా ఒకసారి చూడాలండీ. అక్కడ స్నానాల గదుల ఆవిరి పోతుంది" అంది. అల్లుడు గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వద్దు, నేను పోను అనాలని నోటి దాకా వచ్చింది. గోడ తగిలింది చేతికి. అది చల్లబడుతోంది.

మామగారు కనబడలేదు. వెతుక్కుంటూ మైకు గదికి వెళ్ళాడు. మామగారు ఒక మూల స్టూలు మీద కూర్చున్నారు. అందరూ వెళ్ళిపోయినా మైకాయన మాత్రం ఆయన వైపు చూడకుండా వైర్లు సర్దుతున్నాడు. ఓడలో అంత పెద్ద మనిషిగా తిరిగినాయన ఒక్క పూటలో చిన్నవాడైపోయారు. అల్లుణ్ణి చూసి లేవబోయి, లేవలేక కూర్చున్నారు.

"మొహం చెల్లడం లేదు నాయనా. తిట్టాలనుకుంటే తిట్టు."

తిట్టాలనే వచ్చాడు అల్లుడు. దారంతా మాటలు పోగేసుకుని వచ్చాడు. తీరా ఆయన్ని చూశాక అవి ఒక్కటీ గుర్తు రాలేదు. పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"అటువైపు రెక్కకి కూడా వెళ్ళాలట. మైకు దగ్గర మీరే కూర్చోవాలి."

"నేనా? నాకు బయట గురించి ఒక్క ముక్క తెలీదని ఓడంతా విన్నారు కదా!"

"విన్నారు. మీరు నోరు మూసుకుని ఉంటే ఎవరూ వినేవాళ్ళు కాదు. నేను కొక్కెం విప్పేవాణ్ణి, పోయేవాణ్ణి. మీ తాత గొప్పతనం అలాగే ఉండేది, మీ కుర్చీ అలాగే ఉండేది." అల్లుడు గోడకి ఆనుకున్నాడు. "దారి నేను చూసుకుంటాను మామయ్యా. ఆగమని చెప్పేవాళ్ళు ఒకళ్ళు కావాలి నాకు."

 అల్లుడి చేతులు ఒళ్ళో ఇంకా వణుకుతూనే ఉన్నాయి. మామగారు వాటిని చూశారు. ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి.

"భయమేస్తోందా?" అని అడిగారు.

"చచ్చేంత."

"నాకూ అంతే. పుట్టినప్పటి నుంచీ అంతే" అన్నారు మామగారు. ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదటిసారి. అని, స్టూలు మైకు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.